అక్క నేర్పిన ముడి

పోయిన వారం మనం మేస్త్రీని కుక్కల దొడ్డి వాకిట్లో, చేతిలో ఒక గుడ్డ ముడితో నిలబెట్టి వచ్చేశాం. ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఈలోగా మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

ఏటికి అవతల ఉన్న దేశానికి మన నేల మీద కన్ను. సూటిగా యుద్ధానికి రాదు. ఎక్కడెక్కడి దిక్కులేని జనాన్నో బతుకు చూపిస్తామని బస్సులెక్కించి తెస్తుంది. ఏటి ఒడ్డున దింపి, వీపున తుపాకీ ఆనించి, ఇవతలి జమ్ము పొదల్లోకి తోలేస్తుంది. ఆ మందలో తన మనుషుల్నీ కలుపుతుంది. అలా కలిసి వచ్చినవాళ్ళే వానాకాలంలో ఊరి సబ్‌స్టేషన్ పేల్చారు. ఊరంతా చీకటైంది. మేస్త్రీ భార్య అప్పటికే ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతోంది. కొన్నాళ్ళకి కరెంటు తిరిగి వచ్చింది. ఆమె రాలేదు.

దాని తర్వాతే కొత్త చట్టం వచ్చింది. జమ్ములో దొరికిన మనిషిని ఏమీ అడగకూడదు. పేరు అడగకూడదు. ఎందుకు వచ్చావని అసలే అడగకూడదు. అడిగితే వాడు చెబుతాడు. చెబితే వినాలి. వింటే నీడ ఇవ్వాలో వద్దో తేల్చాలి. అంత తీరిక లేదు గనక దొరికినవాణ్ణి దొరికినట్టే ఏరు దాటించాలి. ఈ గట్టు మీద ఆ చట్టాన్ని నడిపించే సరిహద్దు దళం కెప్టెన్ మేస్త్రీకి ఒక్కగానొక్క కూతురు.

ఇవాళ పొద్దున గస్తీలో చిల్లర అనే ఆడకుక్క గొలుసు తప్పించుకుని మంచులోకి పోయింది. తిరిగి వస్తూ నోట్లో ఒక గుడ్డ ముడి పట్టుకొచ్చింది. కథ ఆగింది అక్కడ.

దాన్ని తీసుకొచ్చిన జవానును దళంలో అందరూ పొడుగు అంటారు. తలుపు ఏదైనా వంగితేనే దాటగలడు.

"చూశారా మేస్త్రీ గారూ, దీని నిర్వాకం!" అన్నాడు పొడుగు. "మంచులో నా చెయ్యి నాకే కనపడట్లేదు. అంతలో గొలుసు జారింది. పిలిస్తే పలకదు. నా ఉద్యోగం పోయిందనుకున్నా. కాసేపటికి ఈ చెత్త నోట కరుచుకుని పెళ్ళికూతురిలా నడుచుకుంటూ వచ్చింది. వచ్చి నా ఎదురుగా కూచుని నా మొహంలోకే చూస్తుంది. ఏముందండీ నా మొహంలో? మా ఆవిడే చూడదు."

"కొట్టావా?"

"అయ్యో, లేదండీ. తిట్టాను."

"ఏమని?"

"మీ ముందు అనే మాట కాదు లెండి. అయినా చిల్లర అని పేరు పెడితే చేతిలో ఎక్కడ నిలుస్తుంది?"

మేస్త్రీ నవ్వలేదు. పొడుగును తిట్టలేదు కూడా. వాడి తప్పు లేదు. వాడికి ఎవరూ చెప్పలేదు.

ఈ దొడ్డిలో ఒకప్పుడు మనుషుల్ని వెతికే కుక్కల్ని తయారుచేసేవారు. వరదలో కొట్టుకుపోయినవాళ్ళను, కూలిన గోడల కింద పడ్డవాళ్ళను, జమ్ములో దారి తప్పినవాళ్ళను వెతికే కుక్కలు అవి. పద్ధతి సులువుగానే కనిపిస్తుంది. దొడ్డి వెనక విరిగిన గోడలు, తుప్పు పట్టిన డ్రమ్ములు, సిమెంటు తూములు ఉంటాయి. వాటిలో ఒక మనిషి దాక్కుంటాడు. కుక్క వెతికి పట్టుకుంటుంది. అప్పుడది మొరగకూడదు, మీద పడకూడదు. దొరికిన మనిషి పక్కన పడుకుని ఒంటి వెచ్చదనం ఇవ్వాలి. ఆ మనిషి తన దగ్గరున్న గుడ్డ ముడి తీసి దానికి ఇస్తాడు. అదే దాని జీతం. ఆ ముడి తెచ్చి మేస్త్రీ ఎదుట కూచుంటే, మనిషి దొరికాడని అర్థం. మేస్త్రీ ముడి అందుకుని "చూపించు" అంటాడు. కుక్క వెనక్కి తిరిగి, సూటిగా ఆ మనిషి దగ్గరికే తీసుకుపోతుంది.

దళంవాళ్ళు కుక్కల్ని పట్టుకుపోయాక ఇదంతా బొమ్మలాట అని తీసిపారేశారు. మొరగడం నేర్పారు. చిల్లర మొరగడం నేర్చుకుంది కానీ పాతది మరిచిపోలేదు. ఎవరో ముడి ఇచ్చారు. పాత పాఠం దానికి కొట్టినపిండే. తెచ్చి పొడుగు ఎదుట కూచుంది. వాడు తిట్టాడు.

ముడికీ ముడికీ తేడా ఉంటుంది. మేస్త్రీ భార్య ముడి కట్టేటప్పుడు గుడ్డను మెలిపెట్టి, వెనక్కి తిప్పి, కొసలు రెండూ లోపలికి దోపేసేది. ఎంత లాగినా ఊడదు. కుక్క పళ్ళకి పోగు తగులుకోదు. ఆమె కట్టిన ముడి కుక్కకి వయసు మళ్ళే దాకా ఉండేది. మేస్త్రీ కూడా నేర్చుకున్నాడు కానీ ఆయన కట్టింది ఆమెకెప్పుడూ నచ్చలేదు. "చెప్పులు కుట్టినట్టు కడతావేం?" అనేది.

సరిగ్గా ఆమెలాగే కట్టగలిగినవాడు లోకంలో ఇంకొక్కడే. ఆమె తమ్ముడు.

ఈ దొడ్డిలోనే పని నేర్చుకున్నాడు. ఏటి మీద పడవలు తిరిగే కాలంలో అవతలి ఒడ్డు పిల్లను చేసుకుని అక్కడే ఉండిపోయాడు. అక్కడ ఇలాంటి దొడ్డే పెట్టాడు. వరదలొస్తే రెండు దొడ్ల కుక్కలూ కలిసి వెతికేవి. తర్వాత పడవలు ఆగాయి. కంచె లేచింది. అక్క పోయింది. వాడి దగ్గర నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మేస్త్రీ ముడిని వేళ్ళతో నొక్కి చూశాడు. నీలం ఉన్ని గుడ్డ. కుక్క నోటి తడి తప్ప పొడిగా, గరగరలాడుతూ ఉంది. ఆయన మనసంతా ముడి మీదే ఉంది గనక, గుడ్డ పొడిగా ఎందుకుందని ఆలోచించలేదు.

జీపు గేటు బయట ఆగింది. మేస్త్రీ ముడిని కోటు జేబులో పడేశాడు.

కెప్టెన్ బూట్ల బురద గేటు రాయికి రాసుకుని లోపలికి వచ్చింది. ఆమెది తల్లి గొంతు, మేనమామ నడక. ఆ నడక చూసినప్పుడల్లా మేస్త్రీకి ఒళ్ళు మండుతుంది. కూతురి మీద కాదు.

"తిన్నావా నాన్నా?"

"తిన్నా. నువ్వో?"

"తిన్నా."

ఇద్దరూ తినలేదు. తల్లి పోయాక ఆ ఇంట్లో పలకరింపు అంతవరకే మిగిలింది.

"చిల్లర మళ్ళీ తప్పించుకుపోయిందట. ఇలా లాభం లేదు. మధ్యాహ్నం క్యాంపుకి పంపేస్తున్నా. కరవడం నేర్పుతారు."

"దానికి పళ్ళు అరిగిపోయాయి."

"నాన్నా, అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి. అమ్మ ఎప్పుడో చెప్పింది."

"కరిచే కుక్కని చెయ్యడానికి క్యాంపు ఎందుకు? రెండు పూటలు మాడిస్తే చాలు. వెతికే కుక్కని చెయ్యాలంటేనే..."

"తెలుసు. ఆ తూముల్లో దాక్కుని పెరిగినదాన్ని నేను."

నిజమే. చిన్నప్పుడు దొడ్డిలో దాక్కునే పని ఆమెదే. తూములో పడుకుని కుక్క వచ్చేలోగా నిద్రపోయేది. కుక్క వచ్చి పక్కన పడుకునేది. రెండూ నిద్రపోయేవి. తల్లి వచ్చి ఇద్దరినీ చెవులు పట్టుకుని లేపేది.

ఈ మాటలు నడుస్తుండగా చిల్లర మేస్త్రీ కోటు జేబు ఎదురుగా వచ్చి కూచుంది. జేబు వంక చూసింది. ఆయన పక్కకి జరిగాడు. అదీ జరిగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. అది తల వంచి చేతి పక్క నుంచి చూసింది. కుక్కకి ఇంటి గుట్టు, బయటి గుట్టు ఉండవు. పని అప్పజెప్పాను, మాట చెప్పమంటుంది. అంతే.

"జేబులో ఏముంది నాన్నా?"

"చుట్ట."

"మానేశావుగా?"

"మళ్ళీ మొదలెట్టా."

"ఒకటి ఇవ్వు. పొడుగు కాలుస్తాడు."

"నాకు అలవాటు లేదు మేడమ్," అన్నాడు పొడుగు.

"నువ్వు కాసేపు ఊరుకో."

ఆమె చెయ్యి చాపింది. మేస్త్రీ ఆ చెయ్యిని చూశాడు. ఇవ్వకపోతే తీసుకునే చెయ్యి అది. ఇచ్చాడు.

ఆమె ముడిని అటూ ఇటూ తిప్పింది. కొసలు ఎక్కడున్నాయో గోటితో వెతికింది. దొరకలేదు.

"అమ్మ ముడి," అంది.

మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. ఆ రెండు మాటలూ కెప్టెన్ అన్నట్టు లేదు. అచ్చం పోయినామె పక్క గదిలోంచి అన్నట్టే ఉంది.

ఆమె పొడుగును గేటు దగ్గరికి పంపింది. వాడు రెండుసార్లు వెనక్కి చూస్తూ వెళ్ళాడు.

"మామయ్య వచ్చాడన్నమాట," అంది, గొంతు తగ్గించి.

"అలాగే ఉంది."

"జమ్ములో ఉన్నాడు. ఒంటరిగా ఉండడు నాన్నా. కుక్కలవాణ్ణి వాళ్ళు ఊరికే పంపరు. ఆ రోజు సబ్‌స్టేషన్‌కి వచ్చినవాళ్ళు అంత బురదలో ఒక్కడు కూడా మునక్కుండా, మా కాపలా కంటపడకుండా ఎలా వచ్చారో మాకు ఇవాళ్టికీ అంతుపట్టలేదు. ఇప్పుడు నీ కోసం ఈ ముడి పంపారు. ఇది ఎర."

"కావచ్చు. తోడబుట్టింది చచ్చిపోతే ఒక్క కబురైనా పంపనివాడు ఎరా వేస్తాడు, గొయ్యీ తవ్వుతాడు."

"చనిపోయిందని మామయ్యకి తెలుసో లేదో."

"తెలియకేం? చావు కబురుకి పడవ కావాలా? గాలి మోసుకుపోతుంది. వాడికి తెలుసు. వాడికి పట్టలేదు."

మేస్త్రీ క్షమించే రకం కాదు. ఒక్కొక్కరినీ క్షమించుకుంటూ పోతే భార్య చావుకి ఎవరూ మిగలరని ఆయన భయం.

"అయితే పట్టుకుంటానంటే అడ్డురావుగా?"

"రాను. పట్టుకో. పట్టుకుని అడుగు."

"అడగకూడదు. నీకు తెలుసు."

"ఆ గుడ్డ ఏమిటో చూడు ముందు."

ఆమె చూసింది. స్వెట్టరు చెయ్యి. మణికట్టు దగ్గర అల్లిన పట్టీ ముడి బయటికే ఉంది. అందులోకి వేళ్ళు దూర్చింది. రెండు పట్టాయి. మూడోది పట్టలేదు. అంత చిన్న చెయ్యి ఉన్న మనిషి ఏ సబ్‌స్టేషన్‌నీ పేల్చలేడు.

ఆమె వేళ్ళు వెనక్కి తీసుకుంది.

"వాళ్ళు పిల్లల్నే ముందు నడిపిస్తారు నాన్నా. మనం చూడాలనే నడిపిస్తారు. మన జాలి ఎంతో కొలుచుకుని, దానికి సరిపడా బస్సులు నింపుతున్నారు. మన తలుపుకి జాలే గొళ్ళెం. వాళ్ళు దాన్నే పట్టుకుని లాగుతున్నారు. నేను కసాయిదాన్నయి ఇలా మాట్లాడుతున్నానా? ఆ బస్సులు ఎలా వస్తాయో గట్టు మీద నుంచి రోజూ చూస్తున్నా."

"నువ్వు చెప్పింది అబద్ధం కాదు," అన్నాడు మేస్త్రీ. "వాళ్ళు దుర్మార్గులే. తలుపు వేసుకో. ఎవడు వద్దన్నాడు? వేసేముందు బయటున్నది ఎవరో అడగమంటున్నా. అడగకుండా మూస్తే అది తలుపు కాదు, గోడ. గోడకి బుద్ధుండదు. నీకుంది. మీ అమ్మ పెట్టింది."

"అమ్మని చంపింది వాళ్ళే."

"వాళ్ళంటే ఎవరు? పేరు చెప్పు."

ఆమె ముడిని చేతిలో మళ్ళీ తిప్పింది.

"నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఎందుకో తెలుసా? మీరు ఎవర్నీ అడగలేదు గనక. చంపడానికి వచ్చినవాడు దొరికినా దాటించారు, చావలేక వచ్చినవాడు దొరికినా దాటించారు. అమ్మని చంపినవాడు జమ్ములో నీ ఎదుటే నిలబడి ఉంటాడు. నువ్వే భుజం పట్టుకుని పడవెక్కించి, క్షేమంగా ఇంటికి సాగనంపి ఉంటావు. కంచె వేసింది ఎందుకు? దొంగకి దారి చూపడానికా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కెప్టెన్ టోపీ తీసి చంకలో పెట్టుకుంది. టోపీ లేకపోతే ఆమె వయసు సగానికి తగ్గుతుంది.

"ఒకామె," అంది, "నా చెయ్యి పట్టుకుంది నాన్నా. ఏదో చెప్పబోయింది. ఆ భాష నాకు అర్థం కాదు, అయినా చెవులు మూసుకున్నా. ఈ చేతులతోనే. పొడుగు చూశాడు. ఏమీ అనలేదు. దాటించాం. అవతలివాళ్ళు మళ్ళీ ఇటు తోశారు. మేము మళ్ళీ అటు తోశాం. ఆ తర్వాత ఆమె ఇటూ లేదు, అటూ లేదు."

మేస్త్రీ కూతురి తల మీద చెయ్యి వెయ్యాలనుకున్నాడు. వెయ్యలేదు. ఓదార్చే మాట ఒకటి నోటిదాకా వచ్చింది. అది అబద్ధమని మింగేశాడు.

"ఇప్పుడు మాటివ్వు," అన్నాడు. "దొరికినవాళ్ళని అడుగుతానని మాటిస్తే నేను చిల్లరతో జమ్ములోకి వస్తాను. అది నన్ను తీసుకుపోతుంది. నా బావమరిదైతే నేనే చెవి పట్టుకుని నీకు అప్పజెప్తా. నాకేం దయ లేదు వాడి మీద."

"ఈ బట్టల్లో ఉండి నేను మాటివ్వలేను నాన్నా."

"అయితే కుక్కతో చూపించమనే ఆ మాట నేను అనను. నీ పొడుగును వెతుక్కోమను. జమ్ము బోలెడుంది."

"ఆ మాట నాకూ వచ్చు," అంది కెప్టెన్.

టోపీ పెట్టుకుంది. చిల్లర ఎదుట మోకాళ్ళ మీద కూచుంది. ముడిని దాని ముక్కుకి చూపించింది. చిల్లర మేస్త్రీ వైపు ఒకసారి చూసింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"చూపించు," అంది ఆమె.

చిల్లర లేచింది. ఒళ్ళు విదిల్చింది. గేటు వైపు పోలేదు.

గేటు దాటితే గట్టు. గట్టు దిగితే జమ్ము. పొడుగు అప్పుడే తుపాకీ సర్దుకుని గేటు తీసి పట్టుకున్నాడు. కుక్క వాడి వంక కూడా చూడలేదు. వెనక్కి తిరిగి, ఖాళీ కుక్కల గదుల పక్క నుంచి దొడ్డి చివరికి నడిచింది. అక్కడ మంచు ఇంకా విడలేదు. విరిగిన గోడలు మసకమసకగా ఉన్నాయి.

అప్పుడు తట్టింది మేస్త్రీకి. గుడ్డ పొడిగా ఉంది. ఇలాంటి మంచులో జమ్ములోంచి తెచ్చిన గుడ్డ పిండితే నీళ్ళు కారాలి.

ఆయన నోరు తెరవబోయాడు. కూతురు అప్పటికే చెయ్యెత్తి ఆపింది. ఆమెకూ తట్టింది. పొడుగు పెద్ద అంగలతో వచ్చి కలిశాడు. ముగ్గురూ కుక్క వెనకాలే నడిచారు. ఎవరి బూటు చప్పుడు వాళ్ళకే పెద్దగా వినిపించింది.

చిల్లర అన్ని తూములూ దాటి చివరి తూము దగ్గర ఆగింది. కెప్టెన్ చిన్నప్పుడు నిద్రపోయిన తూము. దాని నోటి దగ్గర పొట్ట నేలకి ఆనించి పడుకుంది. తోక ఆడింది. మొరగలేదు.

తూములోంచి ఒక చెయ్యి వచ్చింది. చిన్నది. భుజం దాకా గుడ్డ లేదు. చలికి రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఆ చెయ్యి కుక్క తల మీద వాలి అక్కడే ఉండిపోయింది. ఇవ్వడానికి ఆ చేతిలో ఇంకేమీ లేదు.

పొడుగు తుపాకీ ఎత్తాడు. ఎత్తి కెప్టెన్ వంక చూశాడు. ఆమె ఏం చెబితే అది చేస్తాడు. ఇన్నాళ్ళూ అదే చేశాడు.

చట్టం ప్రకారం ఆమె చెయ్యవలసింది తేలిక. చెయ్యి పట్టుకుని లాగాలి. జీపు ఎక్కించాలి. ఏరు ఎంతో దూరం లేదు. నోరు విప్పే పనే లేదు.

మేస్త్రీ అనవలసింది అనేశాడు. ఇక అది ఆమె పని.

కెప్టెన్ వంగింది. ఒక మోకాలు నేలకి ఆనించి, తూము చీకట్లోకి చూసింది. పెదవులు రెండుసార్లు కదిలి ఆగాయి.

"ఎవరు?" అంది.

అడిగింది.

వెనక పొడుగు తుపాకీ దించాడు.

పిల్ల పలకలేదు. ఆ మాట దానికి అర్థమైనట్టు లేదు. పలికింది పిల్ల వెనక నుంచి, తూము లోలోపల్నుంచి, దగ్గి దగ్గి అరిగిపోయిన ఒక మగ గొంతు.

"అక్కా? నువ్వేనా?"

కెప్టెన్ కదల్లేదు. మేస్త్రీ చెయ్యి తూము అంచు మీద పడింది. సిమెంటు చల్లగా ఉంది.

"నువ్వు అడుగుతావని తెలుసు అక్కా. ఎవరడక్కపోయినా నువ్వు అడుగుతావు. అందుకే ఇక్కడికి తెచ్చాను పిల్లని. దీన్ని తీసుకో ముందు. దీనికి ఎవరూ లేరు. నా సంగతి తర్వాత." గొంతు ఆగింది. దగ్గింది. మళ్ళీ వచ్చింది. "నా సంగతీ చెప్తాను. బావకి చెప్పలేను, నీకైతే చెప్తాను. ఆ రోజు మీ సబ్‌స్టేషన్‌కి వాళ్ళని తీసుకొచ్చిన కుక్క నాదే. ఎక్కడికని నేను అడగలేదక్కా. చూపించమన్నారు, చూపించాను."

చిల్లర తల ఎత్తి, ఒక్కొక్కరి మొహమే చూసింది.

"మాట్లాడవేం అక్కా?"